అరగంట ఆగమన్న మనిషి

ఆ రోజు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఒక్క మాట. కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు, ఏఈ, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన స్తంభం కింద నిలబడి, "కరెంటు బంద్ చెయ్యమని ఈయనకు మీరు ఫోన్ చేసిన్రా సార్?" అని అడిగాడు. "చేసిన" అంటే సరిపోయేది. నేను, "ఫోనైతే చేసిన. కరెంటు ఎందుకు పోయిందని అడగనీకి చేసిన" అన్నాను.

పక్కనే నిలబడ్డ ఆయన, ఆ ఊళ్ళో కరెంటు పని చూసే మనిషి, అప్పటికే తన చిన్న ఫోను తీసి, నా నంబరు నుంచి వచ్చిన రెండు కాల్స్ ఏఈకి చూపించాడు. ఆయన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని ఆయన మీదికే తిప్పాను. నా బుర్ర అంత చురుగ్గా తరగతి గదిలో కూడా ఏనాడూ పనిచేయలేదు.

"ఆయన" అని ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజుల్లో "ఏమయ్యా", "ఇగో, నిన్నే" అనేవాణ్ని. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు. ఊరంతా కరెంటాయన అనేది. అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. నేను ఆ పేరు ఎత్తిన చోటల్లా ఆయనకు నష్టమే జరిగింది.

ఈ మార్చిలో నల్లగొండలో ఇంటి ఇన్వర్టర్‌కి బ్యాటరీ మార్పించుకుంటున్నాను. దుకాణం నడిపేది కరెంటాయన ఊరతనే. స్క్రూ బిగిస్తూ, "కరెంటాయన పోయిండు గద సారూ. పది దినాలు గూడ అయిపోయె. మీకెవరు చెప్పలేదా?" అన్నాడు.

నాకెవరు చెబుతారు?

నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. దేవరకొండ దాటాక ఒక ఊరిని ఆనుకుని ఉన్న రాళ్ళ గుట్ట మీద మా కాలేజీకి చిన్న వేధశాల ఉండేది. గుండ్రటి రేకుల గది, లోపల ఒక టెలిస్కోపు, దానికి కెమెరా, ఒక కంప్యూటర్. దాని బాధ్యత నాది. సెలవులన్నీ అక్కడే గడిపేవాణ్ని. కరెంటాయన మొదటిసారి గుట్టెక్కింది కొత్త మీటరు బిగించడానికి. తలుపుకు ఇనుప గడియ. దాన్ని మామూలుగా పట్టుకోలేదు. కుడిచెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపుతో ఒకసారి తాకి, చెయ్యి వెనక్కి తీసి, అప్పుడు పట్టుకుని తెరిచాడు. లోపలికి వచ్చి టెలిస్కోపునూ అలాగే తాకాడు.

"ఏంది అట్ల ముట్టుకుంటవ్?" అన్నాను.

"అరచెయ్యి పెడితె, కరెంటు ఉంటె చెయ్యి ముడుసుకపోతది సారూ. ఇడువమన్న ఇడువది. ఎన్కదిక్కు పెడితె ఇసిరికొడతది. దెబ్బ తాకుతది గని పానం ఉంటది."

"ఇది టెలిస్కోపయ్యా. దీంట్ల కరెంటు ఉండదు."

"లేదన్నోళ్ళే పోయిన్రు సారూ. ఉందన్నోళ్ళంత బతికే ఉన్నరు."

తర్వాత గమనించాను, ఆయన లోకాన్నంతా అలాగే ముట్టుకునేవాడు. టీ కొట్టు దగ్గర ఇనుప కుర్చీని, పాల కేంద్రంలో క్యాన్లను, పెళ్ళిలో పెట్టిన కొత్త స్టీలు బిందెను. ఎవరైనా కరచాలనానికి చెయ్యి చాస్తే ముందు దాని మీద తన వేళ్ళ వెనకవైపు ఆనించి, తర్వాత కలిపేవాడు. కొందరు నవ్వేవాళ్ళు, కొందరికి కోపం వచ్చేది. ఎడమచేతికి చిటికెన వేలూ దాని పక్క వేలూ లేవు. అవేమయ్యాయని ఎవరైనా అడిగితే, "కొత్తల అరచెయ్యి పెట్టిన" అనేవాడు. వడ్రంగి చెవి మీద పెన్సిలు పెట్టుకున్నట్టు ఆయన చెవి మీద ఎప్పుడూ టెస్టర్ ఉండేది. ఎర్ర పిడి, దాని మీద పళ్ళగాట్లు. స్తంభం ఎక్కేటప్పుడు నోట కరిచి పట్టుకునేవాడు.

ఆయన కరెంటు ఆఫీసు పని చేసేవాడు కానీ ఆఫీసు మనిషి కాదు. అసలు లైన్‌మన్ దేవరకొండలో ఉండేవాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఊళ్ళో స్తంభాలెక్కింది మాత్రం ఈయన. తెలంగాణ వచ్చాక ఇలాంటివాళ్ళను చాలామందిని పక్కా చేశారు, అంటే పర్మినెంటు ఉద్యోగులుగా తీసుకున్నారు. ఈయన కాగితం కూడా ఆఫీసులో నడుస్తోంది. ఆ డివిజన్ నుంచి పంపే జాబితాలో మొదటి పేరు ఈయనదే. ఏఈ సంతకం ఒక్కటే మిగిలింది. ఆ ఏఈ నా పాత విద్యార్థి. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మంచివాడని చెప్పి ఆయనకు కొత్త అన్యాయం చేయను. నాలుక కత్తి. ఒకసారి ఎవరో కూతురి పెళ్ళికి స్తంభం తీగకు కొక్కెం తగిలించి పందిట్లో దీపాలు వెలిగించారు. అందరూ బంతిలో కూర్చుని మొదటి ముద్ద ఎత్తే సమయానికి ఈయన వచ్చి కొక్కెం లాగేశాడు. చీకటి. పెళ్ళికూతురి తండ్రి కాళ్ళ మీద పడబోయాడు. "తినున్రి, తినున్రి. నోరు యాడుందో చేతికి ఎరుకే గద" అని, తీగ చుట్ట చుట్టి భుజాన వేసుకుని పోయాడు. ఆ పెళ్ళిలో నేనూ ఉన్నాను. మర్నాడు నిలదీస్తే ఆయన చెప్పింది ఇది: "నాలుగేండ్ల కింద గిట్లనే కొక్కేనికి అంటుకున్నోణ్ని నేనే ఇడిపించిన సారూ. మనిషి నా చేతికచ్చిండు. అరచేతి తోలు తీగకే ఉండె. ఓని పెండ్లాం దాన్ని గూడ దించమని ఏడ్సింది. కరెంటుకు సుట్టరికం లేదు. నాకెందుకుంటది?"

ఆయనకు ఒక నియమం ఉండేది. కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. గుట్ట వైపు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. దాని నుంచే గుట్ట వైపు వీధికీ, మా వేధశాలకూ, కింద పొలాల్లోని పదహారు బోరు మోటర్లకూ కరెంటు. వెనక కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో, పాముల భయానికి పొలం పోలేక, రైతులు మోటర్లకు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరగాలని. ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక వాటిని తీసెయ్యమన్నారు. ఎవరూ తీయలేదు. ఒకసారి మోసపోయిన రైతు ఒక్క ప్రకటనకు నమ్మడు. దాంతో ఏమవుతుందంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు పదహారు మోటర్లూ ఒకే క్షణాన లేస్తాయి. ఆ బరువు ట్రాన్స్‌ఫార్మర్ మోయలేదు.

అందుకే, కరెంటు బంద్ చేసిన ప్రతిసారీ, మళ్ళీ వేసే ముందు ఆయన కర్ర పట్టుకుని పొలం పొలం తిరిగేవాడు. ప్రతి స్టార్టర్ డబ్బా దగ్గరా ఆగి, వేళ్ళ వెనకవైపు తాకించి, తెరిచి, ఆటో బంద్ చేసి, మరో డబ్బాకు నడిచేవాడు. పదహారూ అయ్యాక వచ్చి కరెంటు వేసేవాడు. ఎంత నడిచినా అరగంట. ఎవరెంత తిట్టినా అరగంటే. "అరగంట ఆగున్రి" అన్నది ఆయన నోట ఊరు రోజూ వినే మాట. ఊళ్ళో పిల్లలు దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళు.

నా పని దూరపు గెలాక్సీల్లో పేలే నక్షత్రాలను చూడటం. మామూలుగా పెద్ద నక్షత్రం పేలితే దాని వెలుగు రెండు మూడు వారాలు పెరిగి, నెలల తరబడి మెల్లగా తగ్గుతుంది. తీరిగ్గా చూసుకోవచ్చు. అరుదుగా మరో రకం ఉంటుంది. అది రెండు మూడు రోజుల్లోనే నీలంగా భగ్గుమని, మామూలు పేలుడుకు పది రెట్లో అంతకంటే ఎక్కువో వెలిగి, చూస్తుండగానే మాయమవుతుంది. ఎందుకలా పేలుతుందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేరు. దాన్ని పట్టుకోవాలంటే మొదటి గంటల్లోనే పట్టుకోవాలి. ఎవరు ముందు కొలిచి పంపితే వాళ్ళ కొలతే అందరికీ ఆధారం.

ఒక మధ్యాహ్నం ఆయన కాలిపోయిన ఫ్యూజు వేయడానికి గుట్టెక్కినప్పుడు కంప్యూటర్ మీద రెండు ఫోటోలు పక్కపక్కన చూపించాను. మొన్నటి దాంట్లో గెలాక్సీ ఒక్కటే, మసకగా, దూదిపింజలా. నిన్నటి దాంట్లో దాని అంచున ఒక వెలుగు.

"ఇదేంది?"

"పేలిన నక్షత్రం."

"ఎప్పుడు పేలింది?"

"ఇరవై కోట్ల ఏండ్ల కింద. వెలుగు ఇప్పుడు మన దాకా వచ్చింది."

చాలాసేపు చూశాడు. "ఇరవై కోట్ల ఏండ్ల కింద సచ్చినదాని కోసం మీరు నిన్న అన్నం గూడ తినకుంట ఉరికిన్రా?" అన్నాడు. నాకు చిరాకేసింది. "నీకు అర్థం కాదులే" అన్నాను.

"గదేంలే సారూ. మా పనిల గూడ గంతే. కాలినంక పోయి సూసుడే. కాకపోతె మా కాడ పీనిగ గూడ ఉంటది." టెస్టర్ చెవి మీద పెట్టుకుని దిగి వెళ్ళాడు.

తెలంగాణ వచ్చి నాలుగైదేళ్ళయిన ఆ మార్చిలో, ఒక సాయంత్రం, వేరే నగరంలో ఇదే పని చేసే బృందం నుంచి సందేశం వచ్చింది. ముందు రోజు ఏమీ లేని చోట ఆ రోజు వెలుగు. చాలా వేగంగా పెరుగుతోంది. వీలైనవాళ్ళు వెంటనే చూడండి.

అది తూర్పున, సరిగ్గా ఊరి మీదుగా లేస్తుంది. ఆ ఏడాదే ఊళ్ళో కొత్తగా తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. వీధి దీపాలకు వేరే వైరు లేదు, స్విచ్ లేదు. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేవి. అవి ఆరాలంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే కరెంటు తీయాలి.

ఇక్కడ నేను దాచుకున్న సంగతి ఒకటుంది. రెండు గంటలు ఆగితే అది బాగా పైకి వచ్చేది. అప్పుడు ఊరి దీపాలు అంతగా అడ్డం కావు. కొలత ఇంకా బాగా వచ్చేది కూడా. ఏ ఫస్టియర్ పిల్లవాడైనా చెబుతాడు. కానీ దేశంలో అందరికంటే ముందు నా కొలత వెళ్ళాలి. అంతే.

ఏడున్నరకు ఫోన్ చేశాను.

"ఒక రెండు గంటలు గుట్ట దిక్కు కరెంటు బంద్ చెయ్యాలె."

"లైను మంచిగనే ఉంది గద సారూ."

"నాకు చీకటి కావాలె. ఒక చుక్కను చూడాలె."

"సచ్చినదేనా?"

"ఆ, అదే."

ఫోన్లో నవ్వాడు. "వరి పొట్ట మీదుంది సారూ. రైతులు నన్ను తిడతరు."

"రెండు గంటలకు వరికేం గాదు. నీ కాగితం సంగతి ఏఈతోని నేను మాట్లాడత. నా స్టూడెంటే."

ఫోన్ కట్ అయింది. తర్వాత ఊరు ఆరిపోయింది.

ఆ రెండు గంటలు నేను సంతోషంగా ఉన్నాను. ఇది కూడా ఒప్పుకోవాలి. ఇన్వర్టర్ మీద కెమెరా, కంప్యూటర్ నడుస్తున్నాయి. ఒక్కో ఫోటో వస్తుంటే గెలాక్సీ అంచున ఆ నీలి వెలుగు నిలబడుతోంది. తొమ్మిదిన్నరకు ఇన్వర్టర్ కూత పెట్టడం మొదలెట్టింది. మళ్ళీ ఫోన్ చేశాను.

"కరెంటు ఎయ్యి."

"అయిపోయిందా సారూ? అరగంట ఆగున్రి. డబ్బాలు బంద్ చేసుకొని వస్త."

"అరగంట లేదు. బ్యాటరీ అయిపోతాంది. ఇప్పుడే ఎయ్యి. లేకపోతే తీసినవన్ని పోతయి."

"పదారు మోటర్లు సారూ. అన్నీ ఒక్కపారి లేస్తయి. జర ఆగున్రి, ఉరికి వస్త."

"నీ కాగితం కావాల్నా, వద్దా?"

తీసిన ఫోటోలన్నీ అప్పటికే భద్రంగా ఉన్నాయి. ఏదీ పోయేది లేదు. ఇంకో నాలుగు తీసుకుందామనిపించింది.

ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి దీపాలు వెలిగాయి. కింద పొలాల్లో మోటర్లన్నీ ఒక్కసారి మూలిగాయి. ఆ తర్వాత ఏదో పెద్ద డబ్బా పగిలినట్టు చప్పుడు, మంట, కాలిన నూనె వాసన. మళ్ళీ చీకటి. నేను గుట్ట దిగలేదు. ఇన్వర్టర్‌లో మిగిలిన కాస్త ఊపిరితో నా కొలత పంపించాను.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టర్లో వేసుకుని దేవరకొండ తీసుకుపోయారు. మరమ్మతుకు వరుసలో దానికంటే ముందు చాలా ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి వారం. మార్చి ఎండ, ఎర్రనేల, అప్పుడే ఈనుతున్న వరి. కంకులు తెల్లబడ్డాయి. చేత్తో నలిపితే తాలు.

మూడో రోజు పొద్దున ఏఈ జీపులో వచ్చాడు. నన్ను చూసి చెప్పులు విడిచి నమస్కారం పెట్టాడు. నలభై మంది రైతులు గట్ల మీద ఉన్నారు. కరెంటాయన స్తంభం పక్కన నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "సారు చెప్పిండు, బంద్ చేసిన. సారు చెప్పిండు, ఏసిన. అరగంట ఆగమన్న." ఫోను తీసి నంబరు చూపించాడు. అప్పుడు ఏఈ నా వైపు తిరిగి ఆ ప్రశ్న అడిగాడు. నేను ఆ జవాబు చెప్పాను.

నా విద్యార్థికి మరో మాట అక్కర్లేకపోయింది. నేను చెప్పింది రాసుకుని పరీక్షలు పాసైనవాడు. ఆ పూటే కరెంటాయనను పనిలోంచి తీసేసి, జాబితాలో పేరు కొట్టేశాడు.

ఎర్ర తువ్వాల చుట్టుకున్న ముసలి రైతు ఒకాయన, మూడెకరాల వరికి నీళ్ళు ఆగిపోయినాయన, ముందుకు వచ్చాడు. కాలి చెప్పు తీసి కరెంటాయన చెంప మీద కొట్టాడు. "సదువుకున్న సారు మీద ఏస్తవురా? తాగి ఏసినవ్, తాగి ఏసినవ్!" ఆయన కదల్లేదు. రెండో దెబ్బకు టెస్టర్ చెవి మీంచి కింద పడింది. వంగి తీసుకుని, మట్టి తుడిచి, జీపు బానెట్ మీద పెట్టాడు. పెట్టే ముందు కూడా బానెట్‌ను వేళ్ళ వెనకవైపుతో ఒకసారి తాకాడు.

నా ముందు నుంచి పోతూ ఆగాడు. "ఫోటోలు మంచిగ వచ్చినయా సారూ?" అన్నాడు.

వచ్చాయని తలూపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు.

ఆ కొలత తర్వాత ఒక పరిశోధన పత్రంలో అచ్చయింది. రాసినవాళ్ళ పేర్ల పొడవాటి వరుసలో నా పేరూ ఉంది. కొలత మాత్రం గీత మీద ఒక చిన్న గుర్తుగా ఉంది. ఊరి దుమ్ములోంచి, దిగువ ఆకాశంలో తీసింది కాబట్టి దాని మీద భరోసా తక్కువని కింద రాశారు.

రెండేళ్ళ తర్వాత చౌటుప్పల్లో ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్ళు సైన్స్ దినం నాడు నక్షత్రాల మీద మాట్లాడమని పిలిచారు. కారు గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ వచ్చాడు. నీలం చొక్కా, టోపీ, చేతిలో ఈల. గేటు గొళ్ళెం మీద ముందు వేళ్ళ వెనకవైపు ఆనింది. ముఖం చూడకముందే తెలిసిపోయింది.

నన్ను ఎరగనట్టే రిజిస్టర్ తెరిచాడు. "పేరు?"

చెప్పాను.

"ఏం పని మీద వచ్చిన్రు?"

"నక్షత్రాల గురించి మాట్లాడనీకి."

"సచ్చినయా, బతికినయా?"

డ్రైవర్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన రాయడం ఆపి, "మీ పేరు పేపర్ల పడ్డదా సారూ, గప్పటిది?" అన్నాడు.

"పడ్డది."

"ఎన్నోది?"

"నలభై మూడోది."

"నాది ఒకటోది ఉండె" అన్నాడు. రిజిస్టర్ మూశాడు. "దిగున్రి. బండి బయటనే ఉండాలె. లోపల మేనేజర్ సాబ్ మీటింగ్ల ఉన్నడు. జర అరగంట ఆగున్రి."

మీటింగ్ లేదని నాకు తెలుసు. మెట్ల మీద నిలబడి మేనేజర్ నాకు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కరెంటాయన ఆయన వైపు తిరిగి, "చెకింగ్ సార్!" అని అరిచాడు. నన్ను గేటు ముందు ఎండలో నిలబెట్టాడు. నీడకు జరగబోతే, "ఆడనే" అన్నాడు. తాను స్టూలు మీద కూర్చుని గోడ గడియారం వైపు చూస్తూ ఉన్నాడు. నా చొక్కా తడిసిపోయింది. కాళ్ళు లాగాయి. ముల్లు సరిగ్గా అరగంట తిరిగాక లేచి కడ్డీ ఎత్తాడు.

"అయింది సారూ. అరగంటంటె గింతే."

ఆ క్షణంలో ఆయన కాళ్ళు పట్టుకుని ఉండవచ్చు. ఊరికి వచ్చి నిజం చెబుతానని అనవచ్చు. ఏఈకి అక్కడే ఫోన్ చేయవచ్చు. లెక్క సరిపోయిందిలే అనుకుని లోపలికి పోయి, నలభై నిమిషాలు నక్షత్రాల మరణం గురించి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చేసరికి డ్యూటీ మారింది. ఇంకో మనిషి ఉన్నాడు.

ఆ తర్వాత ఆయనను చూడలేదు. లివర్ పాడయిందని, పెద్ద దవాఖానలో వారం ఉండి పోయాడని బ్యాటరీ దుకాణం అతను చెప్పాడు. మర్నాడే ఆ ఊరికి బయలుదేరాను.

ఆయన భార్య వాకిట్లో మేకలను విప్పుతోంది. కేతేపల్లి దిక్కు నుంచి ఈ ఊరి కోడలిగా వచ్చిన మనిషి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమనలేదు.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పిన అమ్మా" అన్నాను.

"ఎరుకే."

"ఆయన నీకు చెప్పిండా?"

"మీ ఫోన్ వచ్చినప్పుడు అన్నం ముంగట కూసున్నడు. చెయ్యి కడుక్కొని లేసిపోయిండు. తిరిగి వచ్చి తినలే. నాకు ఎర్కగాకుంట ఎట్లుంటది?" తాడు చుట్టుకుంటూ నిలబడింది. "సారు ఇంటికి పోయి అడుగు, నిజం చెప్పమను అని మస్తు సార్లు మొత్తుకున్న. పోలే. బతికినోళ్ళు ఆ సారు కండ్లకు ఆనరే అన్నడు."

నేను ఏదో చెప్పబోయాను. "మేకలకు పొద్దాయె" అని తోలుకుంటూ వెళ్ళిపోయింది.

జరిగిందంతా ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నా విద్యార్థి దగ్గరికి తీసుకుపోయాను. ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. రెండుసార్లు చదివాడు. ఈసారి కుర్చీలోంచి లేవలేదు. "ఇప్పుడు దీన్ని ఏం జెయ్యాలె సార్? పక్కా చేద్దామంటే మనిషి లేడు" అన్నాడు. మళ్ళీ కాగితం వైపు చూసి, "మీరు చెప్పిన్రని నేను నమ్మిన" అన్నాడు. కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు.

మరుసటి పొద్దున పాల కేంద్రం దగ్గర రైతులు క్యాన్లతో వరుసలో ఉన్నప్పుడు నిలబడి చెప్పాను. ఫోన్ చేసింది నేను, కాగితం ఆశ చూపింది నేను, అరగంట ఆగమంటే ఆగనిది నేను, అబద్ధం చెప్పింది నేను. పాలు కొలిచే అతను కొలవడం ఆపాడు. ఎర్ర తువ్వాల ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు తువ్వాల రంగు వెలిసిపోయింది.

"అయితె నా చెప్పు తప్పు మనిషికి తాకింది" అన్నాడు.

"నన్ను కొట్టు తాతా."

తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "చెయ్యి లేస్తలేదు నాకు. ఆలస్యం చేసినవ్." ఆ ఊళ్ళో నన్ను నువ్వు అన్న మొదటి మనిషి. "గీ మాటలు మాకెందుకు? నువ్వు చెప్పంగనె నా వడ్లు తిరిగొస్తయా, ఆయన లేసి వస్తడా? ఆయనను పనిలకెళ్ళి తీసేసినంక రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కాలినయ్. డబ్బాలు తిరిగి బంద్ చేసేటోడు లేడు. పింఛన్ తీసుకొని ఇంట్ల కూసున్నవు గద. గా పని నువ్వు జేస్తవా?"

వెనక నుంచి ఎవరో, "సారుకు పాములంటె భయమే!" అన్నారు. అందరూ నవ్వారు. చేస్తానన్నాను.

ఊళ్ళోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. గుట్ట మీద వేధశాల మూతపడి చాలా కాలమైంది. రేకులు తుప్పు పట్టాయి. అటు పోవడం లేదు. పంచాయతీ చుట్టూ తిరిగి వీధి దీపాలకు వేరే వైరు లాగించాను. ఇప్పుడు పగలు అవి వెలగవు. దానికి నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోకపోవడమే న్యాయం.

డబ్బాలు ఇప్పుడు పదహారు కావు, ఇరవై రెండు. నిన్న మధ్యాహ్నం గాలికి తీగలు తగిలి కరెంటు పోయింది. పోయిన మరుక్షణం ఫోన్ మోగింది. "సారూ, పోయింది. నడువు" అంది ఒక గొంతు, ఇంకేమీ అనకుండా. కర్ర తీసుకుని బయలుదేరాను. ఆయనకు పట్టినంత సేపట్లో నేను సగం డబ్బాలు కూడా తిరగలేను. మోకాళ్ళు నొప్పి. గట్లు జారుడు. మొదటి డబ్బా దగ్గర చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపుతో తాకి, తీసి, అప్పుడు తెరిచాను. ఆటో బంద్ చేశాను. రెండోది. మూడోది.

పదకొండో డబ్బా దగ్గర ఉండగా కొత్తగా వచ్చిన హెల్పర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. "లైను మంచిగైంది సారూ. రైతులు లొల్లి చేస్తున్నరు. ఎయ్యాల్నా?"

"ఎయ్యకు" అన్నాను. "జర ఆగు. ఇంకా అరగంట."